బొగ్గు పొగ నుంచి వాన నీటికి: జంషెట్జీ టాటా తలపెట్టిన పని

జంషెట్జీ నస్సర్వాన్‌జీ టాటా పేరు చెప్పగానే మనకు ఉక్కు కర్మాగారం, బొంబాయి తాజ్‌మహల్ హోటలు, బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ గుర్తుకు వస్తాయి. వాన నీటితో కరెంటు తీసి బొంబాయి మిల్లులు నడపాలని ఆయన తలపెట్టిన పని మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. బొగ్గును తగ్గించుకుని ప్రకృతి శక్తివైపు మళ్లాలని అందరూ చెప్పుకుంటున్న ఈ రోజుల్లో ఆ కథ తెలుసుకోదగ్గది.

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవ్‌సారిలో పార్శీ పురోహితుల కుటుంబంలో జన్మించారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువు ముగించి, తండ్రిగారి వ్యాపారంలో పని నేర్చుకున్నారు. 1868లో 21,000 రూపాయల పెట్టుబడితో సొంత సంస్థ ప్రారంభించారు. 1877 జనవరి 1న నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచారు. మన పెన్షనర్లు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఏ చట్టమూ అడగని ఆ కాలంలోనే, 1886లో, ఆ మిల్లులో కార్మికులకు పెన్షను నిధి ఏర్పాటు చేశారు. 1895 నుంచి ప్రమాదానికి గురైనవారికి పరిహారం ఇచ్చారు.

అప్పట్లో బొంబాయి నూలు మిల్లులన్నీ ఆవిరి యంత్రాలతో నడిచేవి. బొగ్గు గనులు బొంబాయికి చాలా దూరం. బొగ్గు బెంగాల్ నుంచి రైల్లోనో, విదేశాల నుంచి ఓడల్లోనో రావాలి. దాంతో ఖర్చు పెరిగేది, పొగ ఊరినంతా కమ్మేసేది. మరోవైపు, నగరానికి ఎంతో దూరం లేని పడమటి కనుమల్లో ఏటా కుండపోతగా వాన కురిసి, ఆ నీరంతా వృథాగా పోయేది. ఆ నీటిని ఆపి కొండమీద నుంచి కిందికి దూకిస్తే మిల్లులకు కావలసిన శక్తి వస్తుందన్న ఆలోచన జంషెట్జీ మనసులో గట్టిగా నాటుకుంది. 1902లో మైసూరు సంస్థానంలో శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వెళ్లడంతో ఇది జరగని పని కాదని రుజువైంది.

అయితే కావేరిలా లొనావ్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. నాలుగు నెలల వానను పన్నెండు నెలలకు దాచుకోవాలి. అందుకు ఆనకట్టలు కట్టాలి, చాలా డబ్బు కావాలి. ఆ ఏర్పాట్లు పూర్తికాక ముందే 1904 మే 19న జర్మనీలో జంషెట్జీ కన్నుమూశారు.

కుమారులు దొరాబ్జీ, రతన్‌జీ ఆ పనిని వదల్లేదు. 1910లో కంపెనీ ఏర్పడింది. లొనావ్లా, వల్వన్, శిరవ్టా జలాశయాలు కట్టి, సుమారు 1,700 అడుగుల ఎత్తు నుంచి గొట్టాల ద్వారా నీటిని ఖోపోలీకి దించారు. 1915 ఫిబ్రవరిలో అక్కడి కరెంటు సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణించి బొంబాయి చేరింది. తరువాత భివ్‌పురి 1922లో, భీరా 1927లో మొదలయ్యాయి.

ఈ కథకు రెండో వైపు కూడా చెప్పుకోవాలి. భీరా కేంద్రానికి నీరిచ్చే ముల్షీ ఆనకట్ట కింద రైతుల ఊళ్లూ పొలాలూ మునిగాయి. సేనాపతి బాపట్ నాయకత్వంలో 1921 నుంచి 1924 వరకు ఆ రైతులు సత్యాగ్రహం చేశారు, జైళ్లకు వెళ్లారు. అయినా ఆనకట్ట ఆగలేదు. పొగ లేని కరెంటుకు కూడా ఎవరో మూల్యం చెల్లిస్తారనీ, వారి గోడు ముందే వినాలనీ ముల్షీ మనకు నేర్పుతుంది.

ఈ మార్పు తిన్నగా సాగిందీ కాదు. జంషెట్జీయే ఒకపక్క నీటి కరెంటు తలపెడుతూ, మరోపక్క ఉక్కు కోసం ఇనుప ఖనిజాన్నీ బొగ్గునూ వెదికించారు. నగరం పెరిగి నీటి కరెంటు చాలక, 1956లో బొంబాయిలోనే ట్రాంబేలో థర్మల్ కేంద్రం వచ్చింది. కొత్తది రాగానే పాతది పోదు. రెండూ చాలాకాలం పక్కపక్కనే నడుస్తాయి. భీరాలో తరువాత పంప్డ్ స్టోరేజి యూనిట్ కూడా చేరింది. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే ఈ పద్ధతి ఎండనూ గాలినీ నమ్ముకున్న నేటి విద్యుత్తుకు ఎంతో అవసరం.

నడుస్తున్న బాయిలరును తీసేసి మోటారు పెట్టాలంటే ఏ మిల్లు యజమానికైనా ముందు ఖర్చే కనిపిస్తుంది. ఇంటి కప్పుమీద సౌర పలకలు పెట్టుకోవాలంటే మనకూ అంతే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం సబ్సిడీ కొంత భారం తగ్గించేదే. సొంత ఇల్లున్న సభ్యులు పిల్లలతో కూర్చుని లెక్క వేసుకోవడం మంచిది. జంషెట్జీ ఖోపోలీ కరెంటును కళ్లారా చూడలేదు. ఆ ఫలితం ఆయన తరువాతి తరాలకు దక్కింది. ఆ మహనీయునికి మన నివాళి.