కోటు మీది ఒక్క మాట: బాబ్ డగ్లస్, ఆయన జట్టు

1939 మార్చిలో షికాగోలో మొట్టమొదటి ప్రపంచ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. ఫైనల్లో ఓష్‌కోష్ ఆల్‌స్టార్స్ అనే తెల్లవాళ్ల జట్టును న్యూయార్క్ రెనెసాన్స్ 34-25తో ఓడించింది. జనం నోట దాని పేరు రెన్స్. ఆటగాళ్లంతా నల్లవాళ్లే. యజమాని కూడా నల్లవాడే. ఆయనే బాబ్ డగ్లస్.

డగ్లస్ 1882లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ దీవిలో పుట్టారు. న్యూయార్క్ వచ్చి ఈ ఆట చూసి దాని మోజులో పడ్డారు. ముందు ఆడారు, తర్వాత జట్లు నడిపారు. 1923లో హార్లెంలోని రెనెసాన్స్ డ్యాన్సు హాలు వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు: హాల్లో ఆడుకోనిస్తే జట్టుకు హాలు పేరే పెడతాం. ఆ హాల్లో ఆట, డ్యాన్సు ఒకే రాత్రి ఒకే టికెట్‌పై నడిచేవి.

1925లో మొదలైన అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ రెన్స్‌ను రానివ్వలేదు. ఇక ఊరూరా తిరిగి ఆడుకోవడమే దిక్కయింది. 1932-33 సీజన్‌లో వరుసగా 88 ఆటలు గెలిచారు. గెలిచిన ఊళ్లోనే హోటల్‌లో అన్నం పెట్టరు, పడుకోనివ్వరు. కొట్టులో ఏదో కొనుక్కొని బస్సులోనే తిని, తమను రానిచ్చే చోటు దాకా రాత్రికి రాత్రి పోయేవారు. ఇదెట్లుంటదో రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మన హాలియా, దేవరకొండ వైపు పెద్దలకు వేరే చెప్పాలా? జట్టు వెంట తిరిగే ఎరిక్ ఇల్లిడ్జ్ జనాన్ని లెక్కపెట్టి, జట్టు వాటా డబ్బు చేతిలో పడ్డాకే ఆటగాళ్లను బరిలోకి దింపేవాడు. చేసిన పనికి కూలి ఎగ్గొట్టించుకున్నవాళ్లకు ఆ జాగ్రత్త విలువ తెలుసు.

1938-39లో రెన్స్ 112 గెలిచి 7 మాత్రమే ఓడింది. షికాగో గెలుపు ఆ సీజన్‌దే. ఆ సంబరంలో డగ్లస్ ఆటగాళ్లకు కోట్లు కుట్టించారు. వీపు మీద ప్రపంచ ఛాంపియన్లు అన్న మాటకు ముందు కలర్డ్ అని రాయించారు. నల్లవాళ్లను అప్పట్లో అలా పిలిచేవారు. జాన్ ఐజాక్స్ అనే కుర్ర ఆటగాడు బ్లేడు తీసుకొని ఆ ఒక్క మాట కుట్టు విప్పేశాడు. కోటు పాడు చేస్తున్నావని డగ్లస్ కోప్పడ్డారట. ఈ ఒక్క విషయంలో మేము కుర్రాడి పక్షమే. ఓడించింది అందరినీ అయినప్పుడు బిరుదుకు ముందు కులం పేరో రంగు పేరో ఎందుకు? అయితే జట్టును కట్టి, జీతాలిచ్చి, పదహారేళ్లు నిలబెట్టింది డగ్లస్ అన్నదీ మరువలేం.

1948-49లో రెన్స్ డేటన్ నగరం పేరుతో నేషనల్ లీగ్‌లో సీజన్ మధ్యలో చేరింది. 1949లో రెండు లీగులు కలిసి ఎన్‌బీఏ అయ్యాయి. డేటన్‌కు అందులో చోటు లేదు. 1950లో నల్ల ఆటగాళ్లను ఒక్కొక్కరిగా తీసుకున్నారు. అంటే ఆడే చేతులకు తలుపు తీశారు గానీ, నల్లవాళ్లే నడిపే జట్టుకు తీయలేదు. ప్రాతినిధ్యం గురించి మాట్లాడే మన విద్యార్థులు ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి.

బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రెన్స్ జట్టును 1963లో తీసుకున్నారు. డగ్లస్‌ను 1972లో. అక్కడికి చేరిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. 1979లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.