కంకరను లెక్కలోకి తెచ్చిన డఫ్ ఏబ్రమ్స్

సివిల్ బ్రాంచి మిత్రులకు ఏబ్రమ్స్ పేరు కొత్త కాదు. రెండు మార్కుల ప్రశ్న కోసం ఆయన సూత్రాన్ని బట్టీ పట్టనివాడు ఉండడు. ఆ పేరు వెనుక ఎంత చాకిరీ ఉందో నాకు తెలిసింది మాత్రం పులివెందులలో, మన లాబులో జల్లెడ ఆడించి చేతులు పట్టేసినప్పుడే.

డఫ్ ఆండ్రూ ఏబ్రమ్స్ 1880లో అమెరికాలో జన్మించారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి ప్రయోగశాలలోనే పనిచేశారు. కాంక్రీటు ఇనుప కమ్మిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో పరీక్షించి, 1913లో నివేదిక వెలువరించారు. 1914లో చికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో కాంక్రీటు పరిశోధనకు పూనుకున్నారు.

ఆ రోజుల్లో సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు అని కొలిచి కలపడమే వాడుక. కంకర లావా, సన్నమా, ఒకే సైజా, కలగలుపా అన్నది మేస్త్రి కంటికి వదిలేసిన సంగతి. మా నాయన ప్రొద్దుటూరులో బేల్దారి. ఆయన లెక్కా అంతే. నా చిన్నప్పుడు మా ఇంటి స్లాబుకు వచ్చిన కంకరంతా ఒకే సైజు. మాలు కదలడం లేదని నాయన ఇంకో రెండు బక్కెట్ల నీళ్లు పోయించినాడు. రెండో వానాకాలానికే మిద్దె ఉరిసింది. తప్పు సిమెంటుదే అనుకున్నాం.

తప్పు ఎక్కడుందో ఏబ్రమ్స్ 1918లోనే చూపించారు. దాదాపు 50 వేల పరీక్షల మీద ఆయన తేల్చింది ఇది: మాలు పనికి వీలుగా ఉన్నంతవరకు, కాంక్రీటు బలం సిమెంటుకు నీటికి గల నిష్పత్తిని బట్టి ఉంటుంది. నీళ్లు పెరిగితే బలం తరుగుతుంది. మరి నీళ్లెన్ని కావాలి? అది కంకర, ఇసుకల సైజుల పంపకాన్ని బట్టి ఉంటుంది. ఆ పంపకాన్ని ఒక్క అంకెలో చెప్పడానికే ఆయన ఫైన్‌నెస్ మాడ్యులస్‌ను కల్పించారు.

ఈ ఏడు మా చిన్నాయన జమ్మలమడుగులో ఇల్లు కడుతుంటే ఆ లెక్క చేసి చూసినాను. కుప్పలో నాలుగైదు చోట్ల కంకర తీసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలుపుతూ తగ్గించి, చివరికి 5 కిలోలు లాబుకు తెచ్చినాను. 40 మి.మీ. జల్లెడ మీద ఏమీ నిలవలేదు. 20 మీద 4 శాతం, 10 దాకా కలిపి 62, 4.75 దాకా 96. కింది ఐదు జల్లెడలకూ నూరేసి. మొత్తం 662ను నూటితో భాగిస్తే 6.62. 10 మి.మీ. జల్లెడ దాటింది 38 శాతం. 20 మి.మీ. కలగలుపు కంకరకు మన ప్రమాణం 25 నుంచి 55 దాకా ఒప్పుకుంటుంది. కంకర పాసయిందని సంబరపడినాను.

కానీ ఆ ప్రాంతపు సున్నపురాయి పొరలు పొరలుగా, పలకలుగా లేస్తుంది. ఆ పలక ముక్కలు చాలా కలిశాయి. జల్లెడ కన్ను ముక్క వెడల్పు చూస్తుంది గాని మందం చూడదు. మందం గేజిలో పెడితే చాలా ముక్కలు జారిపోయాయి. పైగా వేరువేరు పంపకాలకు ఒకే మాడ్యులస్ రావచ్చు. కాబట్టి ఏబ్రమ్స్ అంకె ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఏబ్రమ్స్ 1930-31లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షులయ్యారు. 1965లో కన్నుమూశారు. శతాబ్దం దాటినా మనం ఆయన లెక్కే చేస్తున్నాం.

నా కాగితాన్ని నాయన చాలాసేపు చూసినాడు. ఏమీ అనలేదు. మర్నాడు పలక ముక్కల కంకరను వెనక్కి పంపించి, వేరే లోడు తెప్పించినాడు. స్లాబు పోసే రోజున మిల్లరు దగ్గర తానే నిలబడి, నీళ్లు కొలిచి పోయించినాడు.