తంతికి తాళం నేర్పిన ఎమీల్ బోడో

మోడెముల వేగం చెప్పే ‘బాడ్’ అనే కొలమానం మనకు పరిచితమే. అది ఫ్రాన్సు దేశీయుడైన ఎమీల్ బోడో పేరునుండి పుట్టినది. 1845లో ఒక రైతు కుటుంబంలో జన్మించిన ఆయనకు ప్రాథమిక పాఠశాల చదువే చదువు. 1869లో తంతి శాఖలో చేరి, కొలువు వేళలు ముగిసిన పిమ్మట సొంత సమయంలో కృషి సాగించి, 1874లో తన ముద్రణ తంతి యంత్రానికి పేటెంటు పొందాడు.

ఆ పద్ధతిలో ఒకే తీగను పలువురు ఉద్యోగులు వంతులవారీగా వాడుకొనేవారు. ఒక్కొక్కరి ముందు ఐదే మీటలు. వాటి కూర్పే అక్షరం. నొక్కిన మీటలు, తిరిగే పంపిణీ యంత్రం వాటిని దాటిపోయేవరకు బిగిసి ఉండేవి. అవి విడివడే వేళ టక్కుమని చప్పుడు. అది వినిపించాకే మరో అక్షరం. చెవి నిలకడ లేనివారికి ఆ కొలువు కష్టమే!

నేటి ప్రవాహ నియంత్రణకు పూర్వరూపాన్ని మేము ఈ చప్పుడులోనే చూస్తున్నాం. మోడెము ద్వారా సమాచారం స్వీకరించే యంత్రం, తన నిల్వస్థానం నిండవస్తే ‘ఎక్సాఫ్’ సంకేతంతో ఆపమంటుంది. ఖాళీ కాగానే ‘ఎక్సాన్’తో పంపమంటుంది. అయితే బోడో నాటి హెచ్చరిక పంపేవాని బల్లమీదనే మోగేది. ఇది పుచ్చుకొనేవాని వైపునుండి వస్తుంది.

1878 పారిస్ ప్రదర్శనలో స్వర్ణపతకం అందుకొన్న బోడో 1903లో కన్నుమూశాడు. కొలమానానికి ఆయన పేరు పెట్టినది ఆ తరువాతనే.