రైలు కూలీల వకీలు వి.వి. గిరిగారు

రాష్ట్రపతులుగా పనిచేసిన వారిని మనం పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూసి మరచిపోతూ ఉంటాము. వరాహగిరి వెంకటగిరిగారిని మాత్రం గట్టు, గద్వాల ప్రాంతపు విశ్వాసులు ఒకసారి దగ్గరగా చూడాలి. మేస్త్రీ వెంట ముంబై, బెంగుళూరు వెళ్లి, కాలో చెయ్యో విరిగి ఇంటికి చేరే మన పాలమూరు కూలీల గోడుకూ, ఆయన జీవితమంతా చేసిన పనికీ సంబంధముంది.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు. కొడుకును కూడా వకీలును చేయాలని 1913లో ఐర్లండుకు పంపారు. డబ్లిన్‌లో ఆయన చదివిన యూనివర్సిటీ కాలేజీకి మూలం మన పునీత న్యూమన్‌గారు 1854లో ప్రారంభించిన కతోలిక విశ్వవిద్యాలయమే. అయితే కుర్రవాడికి అసలు పాఠం కాలేజీ బయట దొరికింది. ఆ ఏడాదే డబ్లిన్ యజమానులు, సంఘం వదులుకోకపోతే పని లేదంటూ దాదాపు 20,000 మంది కార్మికులను గేటు బయట నిలబెట్టారు. నెలల తరబడి పిల్లలు పస్తులున్నారు.

కార్మిక నాయకుడు జేమ్స్ కొనోలీ ప్రభావం గిరిగారిపై బలంగా పడింది. 1916 తిరుగుబాటులో కాలికి గుండు తగిలి నిలబడలేని స్థితిలో ఉన్న కొనోలీని మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చి చంపారు. అంతకుముందు ఆయన కపూచిన్ గురువు వద్ద పాపసంకీర్తనం చేసి దివ్యసత్ప్రసాదం స్వీకరించాడు. ఐరిష్ ఉద్యమకారులతో కలిసి తిరిగినందుకు గిరిగారిని కూడా ఆ ఏడాదే దేశం విడిచి పొమ్మన్నారు.

బరంపురం తిరిగివచ్చి వకీలు పని మొదలుపెట్టినా, ఆయన మనసు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మీదికి పోయింది. బండ్లు కలిపేవారు, బొగ్గు వేసేవారు, పట్టాలు మోసేవారు ఏ గంటలోనైనా వేళ్లూ కాళ్లూ పోగొట్టుకునే పని అది. అంతకుముందు అలా దెబ్బ తగిలినవాడికి దక్కేది దొరగారి దయ మాత్రమే. 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుండి అమలులోకి వచ్చి, యజమాని తప్పుందని రుజువు చేయనక్కరలేకుండానే పరిహారం ఇవ్వాలన్నది. అవయవాల పట్టిక కూడా పెట్టింది. బొటనవేలు పోతే సంపాదనశక్తిలో నూటికి ముప్ఫై వంతు పోయినట్టు ఈనాటికీ లెక్క. మనిషి దేహాన్ని ఇలా వంతులు కట్టడం వినడానికి కటువుగా ఉంటుంది. కానీ దయకు కొలత లేదు, హక్కుకు కొలత ఉండాలి కదా!

కాగితం మీది హక్కు చేతికి రావాలంటే వెనుక సంఘం ఉండాలని గిరిగారు గ్రహించారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. 1926లో ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లారు. పనులు ఊడగొట్టినందుకు 1928లో జరిగిన రైల్వే సమ్మెను శాంతియుతంగా నడిపించారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాగారినే ఓడించి మద్రాసులో కార్మిక మంత్రి అయ్యారు.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యేనాటికి ఇ.ఎస్.ఐ. పథకం కాన్పూరు, ఢిల్లీలలో మొదలై మూడు నెలలే. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో ఆయన మంత్రి పదవి వదిలేశారు. ఇంత చేసిన మనిషి రాష్ట్రపతిగా ఉండగానే 1974 మే నెలలో రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసింది. ఆ పదవికి కట్టుబాట్లున్న మాట నిజమే. అయినా ఆ ఘట్టం నాకు మింగుడుపడదు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఇక మన సంగతి. మా విచారణలో ఒకాయన నగరంలో సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. మేస్త్రీ కొన్ని వేలు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, బస్సెక్కించాడు. ఇక అడిగే హక్కు లేదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. పరిహారం వదులుకున్నట్టు రాయించుకున్న ఏ కాగితమూ చెల్లదని 1923 చట్టమే చెప్పింది. మేస్త్రీ కింద పనిచేసినా అసలు యజమాని బాధ్యుడే. మనిషి చనిపోతే పరిహారం కమిషనర్ వద్ద జమ కట్టాలి, ఇంటివాళ్ల చేతిలో పెడితే లెక్కకు రాదు. ప్రమాదం జరిగిన ఊరికే పోనక్కరలేదు, బాధితుడు నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు. గడువు మాత్రం ప్రమాదం జరిగిన నాటినుండి రెండేళ్లు.

పోయిన ఆదివారం పూజ తరువాత ఆయన భార్య ఆసుపత్రి చీటీలు కొంగున కట్టుకుని వచ్చింది. ఇద్దరం కూర్చుని నెలలు లెక్కపెట్టాము. పందొమ్మిది గడిచిపోయాయి. ఇంకా ఐదున్నాయి.