రాయ్ జె. ప్లంకెట్

రాయ్ జె. ప్లంకెట్ (జూన్ 26, 1910 - మే 12, 1994) అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త. టెఫ్లాన్ అనే వాణిజ్యనామంతో ప్రసిద్ధి చెందిన పాలీటెట్రాఫ్లోరోఇథిలీన్ (పి.టి.ఎఫ్.ఇ.) అనే ప్లాస్టిక్‌ను కనుగొన్నాడు. ఇది వంటపాత్రల పూతగా ప్రజలకు సుపరిచితమైనా, అంతకు ముందే పరిశ్రమలలో గొట్టాల అతుకులు కారకుండా ఆపే గ్యాస్కెట్లు, సీళ్ళుగా ఉపయోగపడింది.

బాల్యం, విద్య

ప్లంకెట్ ఒహాయో రాష్ట్రంలోని న్యూ కార్లైల్‌లో జన్మించాడు. 1932లో మాంచెస్టర్ కళాశాల నుండి పట్టా, 1936లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. అదే సంవత్సరం న్యూజెర్సీలోని డ్యూపాంట్ సంస్థ వారి జాక్సన్ ప్రయోగశాలలో చేరాడు.

ఆవిష్కరణ

రిఫ్రిజిరేటర్లకు పనికివచ్చే కొత్త వాయువు కొరకు పరిశోధిస్తూ, ఈయన టెట్రాఫ్లోరోఇథిలీన్ వాయువును చిన్న సిలిండర్లలో భద్రపరిచాడు. 1938 ఏప్రిల్ 6న సహాయకుడు జాక్ రిబాక్‌తో కలసి ఒక సిలిండర్ వాల్వు తెరువగా వాయువు వెలువడలేదు. తూచి చూడగా బరువు మాత్రం తగ్గలేదు. ఖాళీదని పారవేయక, దానిని రంపంతో కోసి చూడగా లోపల మైనం వలె జారే తెల్లని పొడి కనిపించింది. వాయువు అణువులు ఒకదానితో ఒకటి గొలుసుగా కలసి పాలిమర్‌గా మారాయని ప్లంకెట్ గ్రహించాడు. ఆమ్లాలు, క్షారాలు, ద్రావణులు ఆ పొడిని కరిగించలేకపోయాయి. దీనిపై 1941 ఫిబ్రవరి 4న పేటెంటు లభించింది.

పారిశ్రామిక వినియోగం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు పథకంలో వాడిన యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువు సాధారణ సీళ్ళను తినివేసేది. దానిని తట్టుకొనే గ్యాస్కెట్లు, సీళ్ళు పి.టి.ఎఫ్.ఇ.తో తయారుచేశారు. ఈ ప్లాస్టిక్ సుమారు 260 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేస్తుంది. ఘర్షణ అతిస్వల్పం కనుక తిరిగే ఇరుసుల సీళ్ళకు అనువైనది. అయితే బోల్టుల బిగింపు ఒత్తిడికి ఇది మెల్లగా సాగి పలుచబడుతుంది. అప్పుడు బిగింపు సడలి అతుకు కారుతుంది. ఈ లోపాన్ని తగ్గించుటకు గాజునార, గ్రాఫైట్, కంచుపొడి వంటివి కలుపుతారు.

తెలుగునాట

జంటనగరాలైన హైదరాబాదు, సికింద్రాబాదులకు చేరువలో, నేటి సంగారెడ్డి జిల్లా రుద్రారంలో ప్రభుత్వరంగ సంస్థ హిందుస్తాన్ ఫ్లోరోకార్బన్స్ పి.టి.ఎఫ్.ఇ.ని ఉత్పత్తి చేసింది. 1983లో ఏర్పడిన ఈ సంస్థ మూసివేతకు 2020లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

తరువాతి జీవితం

ప్లంకెట్ అనంతరం పెట్రోలులో కలిపే టెట్రాఇథైల్ లెడ్, ఫ్రియాన్ వాయువుల విభాగాలలో పనిచేసి 1975లో పదవీ విరమణ చేశాడు. సీసం ఆరోగ్యానికి, క్లోరిన్ గల ఫ్రియాన్లు ఓజోను పొరకు హానికరమని తేలడంతో వాటి వాడకం క్రమంగా నిలిచిపోయింది. సీళ్ళలో పి.టి.ఎఫ్.ఇ. వాడకం మాత్రం కొనసాగుతున్నది.

పురస్కారాలు

1951లో జాన్ స్కాట్ పతకం పొందాడు. 1985లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో స్థానం లభించింది. టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీలో మరణించాడు.