సామాన్లలో దొరికిన ఉత్తరాలు: ఎలినార్ రూజ్‌వెల్ట్ కాపురం కథ

1918 సెప్టెంబరు. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకు వస్తోంది. అమెరికా నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ యూరప్ పర్యటన ముగించుకుని ఓడలో న్యూయార్క్ చేరాడు. వచ్చేసరికే న్యుమోనియాతో లేవలేని స్థితి. అతన్ని నేరుగా తల్లి ఇంటికి మోసుకెళ్లారు. భార్య ఎలినార్ అతని సామాన్లు సర్దుతుంటే ఉత్తరాల కట్ట ఒకటి కంటపడింది. అవన్నీ ప్రేమలేఖలు. రాసింది లూసీ మెర్సర్. సుమారు నాలుగేళ్ల కిందట తన పనులు చూసిపెట్టడానికి ఎలినార్ స్వయంగా పెట్టుకున్న సెక్రటరీ ఆమె.

అప్పటికి ఎలినార్‌కు ముప్ఫై మూడేళ్లు. పెళ్లయి పదమూడేళ్లు. ఆరుగురు పిల్లల్ని కని, ఒకరిని నెలల పసికందుగానే పోగొట్టుకున్న తల్లి.

ఎలినార్ అనగానే అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ప్రథమ మహిళ, మానవ హక్కుల ప్రకటన గుర్తొస్తాయి. పుస్తకాల్లో ఉండేది అదే. ఆ పెద్ద పేరు వెనక ఒక విరిగిన కాపురం ఉంది. దాన్ని విరగనట్టు చూపించడానికి ఎంతమంది ఎన్ని లెక్కలు వేశారో తెలుసుకుంటే ఆమె జీవితం ఇంకోలా అర్థమవుతుంది.

ఎలినార్ 1884లో న్యూయార్క్‌లో పుట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు స్వయానా తమ్ముడి కూతురు. డబ్బుకు, పేరుకు లోటు లేని వంశం. కానీ ఎనిమిదేళ్లకు తల్లి పోయింది, పదేళ్లు నిండకముందే తాగుడుకు బానిసైన తండ్రి పోయాడు. అమ్మమ్మ దగ్గర పెరిగింది. పదిహేనేళ్లప్పుడు లండన్ దగ్గర స్కూల్లో వేశారు. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు మరీ సువెస్త్ర్ ఆమెకు సొంతంగా ఆలోచించడం నేర్పింది. తిరిగొచ్చాక దూరపు చుట్టమైన ఫ్రాంక్లిన్‌తో పరిచయం ప్రేమగా మారింది. 1905 మార్చి 17న పెళ్లి. కన్యాదానం చేసింది అప్పటి అధ్యక్షుడైన పెదనాన్నే.

అత్తగారు సారాకు ఈ పెళ్లి అంత ఇష్టం లేదు. ఫ్రాంక్లిన్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. పెళ్లయిన మూడేళ్లకు సారా మన్‌హాటన్‌లో ఆనుకుని ఉన్న రెండు ఇళ్లు కట్టించింది. ఒకటి తనకు, ఒకటి కొడుక్కి. మధ్యలో రెండిళ్లనూ కలుపుతూ తలుపులు. అత్తగారు ఎప్పుడైనా, ఎటునుంచైనా కోడలి ఇంట్లోకి రావచ్చు. పిల్లల పెంపకం మొదలుకుని ఇంటి సామాను దాకా అన్నీ ఆవిడ ఇష్టప్రకారమే. కోడలి జీవితం ఎలా గడిచి ఉంటుందో మన తెలుగిళ్లలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

1913లో ఫ్రాంక్లిన్ ఉద్యోగం వల్ల కాపురం వాషింగ్టన్‌కు మారింది. విందులు, ఆహ్వానాలు, ఉత్తరాలు తెమలక లూసీని పనిలో పెట్టుకుంది ఎలినార్. లూసీది బతికి చెడ్డ కుటుంబం. మర్యాద, చదువు, అందం ఉన్న అమ్మాయి. వేసవిలో ఎలినార్ పిల్లల్ని తీసుకుని కెనడా తీరంలోని కాంపొబెల్లో దీవికి వెళ్లేది. ఫ్రాంక్లిన్ వాషింగ్టన్‌లో ఉండిపోయేవాడు. ఆ వేసవుల్లోనే అనుబంధం పెరిగింది. ఊళ్లో పెద్దవాళ్లకు కొందరికి ఈ సంగతి తెలుసు. ఎలినార్ సొంత పెదనాన్న కూతురు ఆలిస్ అయితే వాళ్లిద్దరినీ తన ఇంటికి భోజనానికి కూడా పిలిచింది. చిట్టచివరికి తెలిసింది భార్యకే.

ఉత్తరాలు చదివాక ఎలినార్ గుట్టుగా ఊరుకోలేదు. కావాలంటే విడాకులిస్తానని భర్తతో తేల్చి చెప్పింది. ఆ తర్వాత జరిగింది మన పెద్దమనుషుల పంచాయితీ లాంటిదే. కుటుంబంలో చెప్పుకునేదాని ప్రకారం, ఇల్లు వదిలితే పైసా ఇవ్వనని సారా కొడుకుని హెచ్చరించింది. ఇంటి ఖర్చు చాలావరకు నడిచేది ఆమె డబ్బుతోనే. విడాకులు తీసుకున్నవాడికి ఆ రోజుల్లో రాజకీయ భవిష్యత్తు లేదని సలహాదారు లూయీ హౌ లెక్క చెప్పాడు. లూసీది క్యాథలిక్ కుటుంబం, విడాకులైన మగవాణ్ని చేసుకోవడానికి ఆమె మతం ఒప్పుకోదు. ఒకరికి వంశ గౌరవం, ఒకరికి ఎన్నికలు, ఒకరికి మతం. ఇన్ని లెక్కల మధ్య ఎలినార్ మనసు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. లూసీని ఇక కలవనని ఫ్రాంక్లిన్ మాటిచ్చాడు. కాపురం నిలబడింది. అయితే అప్పటినుంచి తల్లిదండ్రులు ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా బతకలేదని పెద్దయ్యాక కొడుకులు రాశారు.

ఆ తర్వాతి నెలల్లో ఎలినార్ బాగా చిక్కిపోయింది. వాషింగ్టన్‌లోని రాక్ క్రీక్ శ్మశానానికి తరచూ వెళ్లి ఒక కంచు విగ్రహం ఎదురుగా కూర్చునేది. ఆత్మహత్య చేసుకున్న భార్య కోసం హెన్రీ ఆడమ్స్ అనే రచయిత చేయించిన విగ్రహం అది. తలమీద ముసుగు, మూసిన కళ్లు. 

 1920లో న్యూయార్క్ తిరిగొచ్చాక టైపింగ్, షార్ట్‌హ్యాండ్ క్లాసులకు వెళ్లింది. నౌకర్ల మధ్య పెరిగిన మనిషి వంట నేర్చుకుంది. అమెరికాలో ఆడవాళ్లకు ఓటు హక్కు దక్కిన ఏడాది అది. మహిళా ఓటర్ల సంఘంలో చేరి చట్టసభల బిల్లులు చదవడం మొదలుపెట్టింది.

1921 ఆగస్టులో కాంపొబెల్లోలో ఫ్రాంక్లిన్‌కు పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. అతన్ని హైడ్ పార్క్ ఎస్టేట్‌కు తీసుకెళ్లి జీవితాంతం తన కళ్లముందు ఉంచుకోవాలని తల్లి పట్టుబట్టింది. జీవితంలో మొదటిసారి ఎలినార్ అత్తగారికి గట్టిగా ఎదురు నిలిచింది. భర్త రాజకీయాల్లోనే ఉండాలని పట్టుబట్టి, అతని తరఫున పార్టీ సభలకు వెళ్లింది. పదిమందిలో మాట్లాడాలంటే వణికే మనిషి, లూయీ హౌ వెనక కూర్చుని దిద్దుతుంటే ఉపన్యాసాలు నేర్చుకుంది. ఫ్రాంక్లిన్ 1928లో న్యూయార్క్ గవర్నరుగా, 1932లో అధ్యక్షుడిగా గెలిచాడంటే అందులో ఆమె కష్టం చాలా ఉంది.

ఇదే సమయంలో ఆమె తనకంటూ ఒక చోటు కట్టుకుంది. హైడ్ పార్క్‌లో అత్తగారి పెద్ద భవంతికి రెండు మైళ్ల దూరంలో, వాగు పక్కన వాల్‌కిల్ అనే చిన్న ఇల్లు, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి. స్థలం ఇచ్చి ప్రోత్సహించింది ఫ్రాంక్లినే. అక్కడ ఫర్నిచర్ తయారీ పెట్టారు. న్యూయార్క్‌లో ఒక స్కూలు కొని ఎలినార్ స్వయంగా పాఠాలు చెప్పింది. పుట్టింటి వాటా కొంత ముందునుంచీ ఉన్నా, సొంతంగా సంపాదించిన డబ్బు రుచి ఆమెకు అప్పుడు తెలిసింది.

వైట్‌హౌస్‌లో అడుగుపెట్టాక ఆమె పెట్టిన ప్రెస్ మీట్లకు ఆడ విలేకరులకే ప్రవేశం. దాంతో పత్రికలు ఆడవాళ్లకు ఉద్యోగాలు ఇవ్వక తప్పలేదు. 1935 చివర్లో మొదలుపెట్టిన దినపత్రిక కాలమ్‌ను 1962 దాకా రాసింది. 1939లో నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు హాలు ఇవ్వమన్న ప్రముఖ మహిళా సంఘానికి రాజీనామా చేసింది. ఆ ఏప్రిల్‌లో లింకన్ మెమోరియల్ మెట్లమీద ఆండర్సన్ పాడితే సుమారు 75,000 మంది విన్నారు.

ఆమె మనసు ఆ ఏళ్లలో ఒంటరిగా ఏమీ లేదు. విలేకరి లొరెనా హికాక్‌తో ఆమెకు గాఢమైన అనుబంధం ఉండేది. ఇద్దరి మధ్య నడిచిన మూడు వేలకు పైగా ఉత్తరాలు 1978లో బయటికొచ్చాయి. అది స్నేహమా, ప్రేమా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆమెను ఓర్పుగల ఇల్లాలి బొమ్మగా చేసి గూట్లో పెట్టాలనుకునేవాళ్లకు ఆ ఉత్తరాలు ఇబ్బందే.

ఫ్రాంక్లిన్ మాట మీద నిలబడలేదు. లూసీ 1920లో విన్‌త్రాప్ రదర్‌ఫర్డ్ అనే సంపన్నుణ్ని చేసుకుంది, అతను 1944లో చనిపోయాడు. ఆ ఏడాది ఎలినార్ ఊళ్లో లేనప్పుడు లూసీ వైట్‌హౌస్‌కు భోజనానికి వచ్చింది. ఏర్పాట్లు చేసింది ఎవరో కాదు, ఎలినార్ కూతురు అన్నా. యుద్ధభారంతో, గుండెజబ్బుతో క్షీణిస్తున్న తండ్రి అడిగితే కాదనలేకపోయింది.

1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఫ్రాంక్లిన్ మెదడులో రక్తస్రావంతో కుప్పకూలాడు. అప్పుడు ఎదురుగా చిత్రకారిణి షుమటాఫ్ అతని బొమ్మ గీస్తోంది, పక్కన లూసీ ఉంది. ఇద్దరూ హడావిడిగా ఊరు విడిచి వెళ్లిపోయారు. ఎలినార్ వాషింగ్టన్‌నుంచి విమానంలో చేరుకునేసరికి అర్ధరాత్రి కావచ్చింది. భర్త శవం పక్క గదిలో ఉండగా చుట్టం ఒకావిడ లూసీ సంగతి, ఆ తర్వాత కూతురు చేసిన ఏర్పాట్ల సంగతి చెప్పింది. ఎలినార్ లోపలికి వెళ్లి తలుపు వేసుకుని కాసేపటికి బయటికొచ్చి, అంత్యక్రియల పనులు చూసుకుంది.

కూతుర్ని నిలదీసింది. కొంతకాలం ఇద్దరి మధ్యా దూరం పెరిగినా మళ్లీ కలిశారు. భర్త వస్తువుల్లో షుమటాఫ్ గీసిన అతని చిన్న చిత్రం కనిపిస్తే, లూసీకి పంపించమని చెప్పింది. దాన్ని క్షమ అనాలా, వదిలించుకోవడం అనాలా అన్నది చదివేవాళ్ల ఇష్టం. తన ఆత్మకథల్లో ఎక్కడా లూసీ సంగతి రాయలేదు. ఇద్దరు ఆడవాళ్లూ పోయాక 1966లో ఫ్రాంక్లిన్ దగ్గర పనిచేసిన జొనాథన్ డేనియల్స్ తన పుస్తకంలో రాస్తేగానీ దేశానికి పూర్తిగా తెలియలేదు.

భర్త పోయాక తన కథ ముగిసిందనుకుంది ఎలినార్. ఆ డిసెంబరులోనే అధ్యక్షుడు ట్రూమన్ ఆమెను ఐక్యరాజ్యసమితికి ప్రతినిధిగా పంపాడు. మానవ హక్కుల సంఘానికి అధ్యక్షురాలైంది. ఆ సంఘంలో మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ప్రకటన మొదటి అధికరణంలో మగవాళ్లందరూ అని అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట తీసేసి మనుషులందరూ అనే మాట పెట్టించింది ఆవిడే. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ప్రకటన ఆమోదం పొందింది. అనుకూలంగా 48 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, ఎనిమిది దేశాలు తటస్థంగా ఉన్నాయి. అందులో 16వ అధికరణం పెళ్లి గురించి. పెళ్లి చేసుకునేటప్పుడు, కాపురంలో ఉన్నప్పుడు, విడిపోయేటప్పుడు స్త్రీ పురుషులిద్దరికీ సమాన హక్కులుంటాయని అది చెబుతుంది. ముప్ఫై ఏళ్ల కిందట తన విడాకుల సంగతి అత్తగారి డబ్బు, భర్త ఎన్నికలు తేల్చేసిన మనిషి అధ్యక్షతలో ఆ వాక్యం తయారైంది.

1952లో ఆమె మన దేశమంతా తిరిగి, ఆ ప్రయాణం మీద పుస్తకం రాసింది. 1962 నవంబరు 7న డెబ్బై ఎనిమిదో ఏట న్యూయార్క్‌లో కన్నుమూసింది. హైడ్ పార్క్ గులాబీ తోటలో భర్త పక్కనే సమాధి చేశారు.

ఈ కథ చెప్పి, చూశారా ఆవిడ ఎలా సర్దుకుపోయిందో అని ఎవరైనా అంటే అది ఎలినార్‌కు అన్యాయం. ఆమె విడాకులిస్తానంది, చుట్టూ ఉన్నవాళ్లు పడనివ్వలేదు. ఉండిపోయాక కూడా పాత కాపురంలోకి తిరిగి వెళ్లలేదు. తన పని, తన సంపాదన, తన ఇల్లు ఒక్కొక్కటే కూడగట్టుకుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చి, చుట్టూ అయినవాళ్లెవరూ లేని దేశంలో ఇలాంటి ఉత్తరమో, ఫోన్ మెసేజో చూడాల్సి వచ్చిన మన ఆడపిల్లలకు అవేవీ చేతిలో ఉండకపోవచ్చు. అప్పుడు ఊరినుంచి ఫోన్ చేసే పెద్దలు పరువు, పిల్లలు, గ్రీన్‌కార్డు గురించి మాట్లాడేముందు, ఆ అమ్మాయి ఏం కోరుకుంటోందో అడగాలి. 1918లో ఎలినార్‌ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకుని హైడ్ పార్క్ వెళ్తే పెద్ద భవంతి చూసి వెనక్కి వచ్చేయకండి. రెండు మైళ్లు ముందుకెళ్లి వాల్‌కిల్ కూడా చూడండి. ఇప్పుడది జాతీయ స్మారక స్థలం. పెద్ద భవంతి అత్తగారిది. వాల్‌కిల్ ఆమె సొంతం.