హారీ ఎస్. ట్రూమన్

హారీ ఎస్. ట్రూమన్ (మే 8, 1884 - డిసెంబర్ 26, 1972) అమెరికా సంయుక్త రాష్ట్రాల 33వ అధ్యక్షుడు. డెమొక్రటిక్ పార్టీకి చెందిన ఇతడు 1945 ఏప్రిల్ 12 నుండి 1953 జనవరి 20 వరకు ఆ పదవిలో ఉన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధ సమాప్తి, ప్రచ్ఛన్న యుద్ధ ఆరంభం, కొరియా యుద్ధం ఇతని పాలనాకాలంలోని ప్రధాన ఘట్టాలు. బడ్జెట్టు విషయంలో రిపబ్లికన్ పార్టీతో తలపడుతూనే విదేశాంగ విధానానికి అదే పార్టీ మద్దతును సంపాదించడం, కొన్నేళ్ళకే ఆ మద్దతును చాలావరకు కోల్పోవడం ఇతని పాలనలో గమనించదగిన విశేషాలు.

తొలి జీవితం

ట్రూమన్ మిస్సోరీ రాష్ట్రంలోని లామార్ పట్టణంలో జాన్ ఆండర్సన్ ట్రూమన్, మార్తా ఎలెన్ దంపతులకు జన్మించాడు. ఇతని పేరులోని ఎస్ అనే అక్షరానికి పూర్తి రూపం లేదు. తండ్రి వైపు తాత, తల్లి వైపు తాత ఇద్దరి పేర్లకూ గుర్తుగా దానిని ఉంచారు. బాల్యం ఎక్కువగా ఇండిపెండెన్స్ పట్టణంలో గడిచింది. చిన్నతనం నుండే చూపు మందగించడంతో కళ్ళద్దాలు ధరించేవాడు. కళాశాల పట్టా పొందలేదు. కొంతకాలం బ్యాంకు గుమాస్తాగా పనిచేసి, 1906 నుండి గ్రాండ్‌వ్యూలో కుటుంబ వ్యవసాయం చూసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఫిరంగి దళానికి కెప్టెన్‌గా పనిచేశాడు. 1919లో బెస్ వాలెస్‌ను వివాహమాడాడు. వీరికి మార్గరెట్ ఏకైక సంతానం. మిత్రునితో కలిసి కాన్సాస్ సిటీలో పెట్టిన దుస్తుల దుకాణం 1922లో మూతపడింది.

రాజకీయ ప్రవేశం

1922లో జాక్సన్ కౌంటీ పాలనా పదవికి ఎన్నికై రాజకీయాలలో ప్రవేశించాడు. 1934లో సెనేట్‌కు ఎన్నికయ్యాడు. 1941లో యుద్ధ కాంట్రాక్టులలోని దుబారాను విచారించే సెనేట్ సంఘానికి నాయకత్వం వహించి దేశవ్యాప్తంగా పేరు పొందాడు. 1945 జనవరిలో ఉపాధ్యక్షుడై, మూడు నెలలు తిరగకముందే ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ మరణించడంతో అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం ఆగస్టులో హిరోషిమా, నాగసాకిలపై అణుబాంబుల ప్రయోగం ఇతని ఆమోదంతోనే జరిగింది.

బడ్జెట్టు వివాదం

1946 ఎన్నికలలో కాంగ్రెసు ఉభయసభలూ రిపబ్లికన్ల వశమయ్యాయి. 1947 జనవరిలో ట్రూమన్ 3,750 కోట్ల డాలర్ల వ్యయంతో బడ్జెట్టును ప్రతిపాదించగా, అందులో 600 కోట్లు తగ్గించాలని ప్రతినిధుల సభ, 450 కోట్లు తగ్గించాలని సెనేట్ తీర్మానించాయి. యుద్ధకాలపు పన్నుల భారాన్ని, ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించాలన్నది సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ తదితర రిపబ్లికన్ నాయకుల వాదన. పన్నుల కోత వల్ల ధరలు పెరుగుతాయని, ఆదాయం ఎక్కువ ఉన్నవారికే లాభం కలుగుతుందని, మిగులు సొమ్ముతో యుద్ధ ఋణం తీర్చాలని ట్రూమన్ వాదించాడు. 1948 ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వానికి దాదాపు 1,180 కోట్ల డాలర్ల మిగులు వచ్చింది. పన్నుల కోత బిల్లులను ట్రూమన్ 1947లో రెండుసార్లు వీటో చేసి నిలువరించాడు. 1948 ఏప్రిల్ 2న చేసిన మూడవ వీటోను కాంగ్రెసు అదే రోజున తిరస్కరించింది. కార్మిక సంఘాల అధికారాలను పరిమితం చేసిన టాఫ్ట్-హార్ట్లీ చట్టం కూడా 1947లో ఇతని వీటోను కాదని అమలులోకి వచ్చింది.

విదేశాంగ విధానం

ఇదే కాంగ్రెసు విదేశీ వ్యవహారాలలో అధ్యక్షునికి తోడ్పడింది. 1947 మార్చి 12న గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సహాయం కోరుతూ ట్రూమన్ చేసిన ప్రసంగం ట్రూమన్ సిద్ధాంతానికి పునాది అయ్యింది. సెనేట్ విదేశీ సంబంధాల సంఘం అధ్యక్షుడైన రిపబ్లికన్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ దీనిని బలపరచగా, సెనేట్ 67-23 ఓట్లతో ఆమోదించింది. యుద్ధంలో దెబ్బతిన్న ఐరోపా పునర్నిర్మాణానికి ఉద్దేశించిన మార్షల్ ప్రణాళిక మొదటి సంవత్సరపు నిధులను 530 కోట్ల నుండి 400 కోట్ల డాలర్లకు తగ్గించాలని టాఫ్ట్ చేసిన ప్రతిపాదన వీగిపోయింది. ఆ చట్టంపై ట్రూమన్ 1948 ఏప్రిల్ 3న సంతకం చేశాడు. అనగా పన్నుల విషయంలో అతనిని ఓడించిన మరునాటికే కాంగ్రెసు ఆమోదించిన అతని విదేశీ సహాయ పథకం చట్టమయ్యింది. నాలుగేళ్ళలో ఈ పథకం క్రింద సుమారు 1,300 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

1948 ఎన్నికల ప్రచారంలో ట్రూమన్ విదేశాంగ విధానం కన్నా కాంగ్రెసు పనితీరుపైనే ఎక్కువగా విమర్శలు చేశాడు. అందరి అంచనాలను తలక్రిందులు చేస్తూ థామస్ డ్యూయీపై 303-189 ఎలెక్టోరల్ ఓట్లతో గెలిచాడు.

సమన్వయం చెదరడం

1949లో నాటో ఒప్పందాన్ని సెనేట్ 82-13 ఓట్లతో ఆమోదించింది; టాఫ్ట్ వ్యతిరేకించాడు. అదే సంవత్సరం చైనాలో కమ్యూనిస్టులు అధికారానికి రావడంతో రిపబ్లికన్ల విమర్శలు తీవ్రమయ్యాయి. 1950 జూన్‌లో కాంగ్రెసు యుద్ధ ప్రకటన లేకుండానే ట్రూమన్ కొరియాకు సేనలను పంపాడు. అంతవరకు పొదుపు పాటించిన రక్షణ వ్యయం 1950లోని 1,370 కోట్ల డాలర్ల నుండి 1953 నాటికి 5,280 కోట్లకు చేరింది. 1951 ఏప్రిల్ 11న సేనాపతి డగ్లస్ మెకార్థర్‌ను తొలగించడంతో వివాదం పరాకాష్ఠకు చేరింది. ఆ నెలలోనే వాండెన్‌బర్గ్ మరణించాడు.

ఈ విభేదాల ప్రభావం భారతదేశంపై కూడా పడింది. ఆహార కొరత వల్ల భారత ప్రభుత్వం కోరిన 20 లక్షల టన్నుల ధాన్యం విషయమై ట్రూమన్ 1951 ఫిబ్రవరిలో కాంగ్రెసుకు సిఫారసు చేశాడు. కొరియా విషయంలో నెహ్రూ వైఖరి నచ్చని సభ్యులు అభ్యంతరం చెప్పడంతో జాప్యం జరిగింది. చివరకు 19 కోట్ల డాలర్ల ఋణంగా ఇచ్చే చట్టంపై జూన్ 15న సంతకం జరిగింది.

చివరి దశ

1952 ఫిబ్రవరిలో గాలప్ సర్వేలో ఇతనికి ప్రజామోదం 22 శాతానికి పడిపోయింది. ఆ ఏడాది ఎన్నికలలో ట్రూమన్ పోటీ చేయలేదు. రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి టాఫ్ట్‌ను ఓడించిన ఐసెన్‌హోవర్ అధ్యక్షుడై నాటోను, కమ్యూనిజం విస్తరణను అడ్డుకొనే విధానాన్ని కొనసాగించాడు. ఆ విధంగా ట్రూమన్ విదేశాంగ విధానపు ప్రధాన సూత్రాలు ప్రత్యర్థి పార్టీ పాలనలోనూ నిలిచాయి. ట్రూమన్ 1972 డిసెంబర్ 26న కాన్సాస్ సిటీలో, 88వ ఏట మరణించాడు. ఇండిపెండెన్స్‌లో అతని పేరిట ఉన్న గ్రంథాలయ ప్రాంగణంలో సమాధి చేశారు.